పసిడి పోయింది.. దిబ్బలు మిగిలాయి

120 ఏళ్ల కోలారు గని.. మూతపడ్డాక మిగిలిన లెక్కలు

పెనుమూడి (రేపల్లె): కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు మీద వెలసిన పెనుమూడి, రేపల్లె పరిసరాలలో నేల తవ్వితే రాయి తగలదు. కొద్ది లోతులోనే నీరు పడుతుంది. సముద్రం వైపు జరిగేకొద్దీ ఆ నీరూ ఉప్పగా మారుతుంది. ఇక్కడివారికి బావి అంటే నీటి బావే. భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగి, చెమటలు కక్కుతూ రాతిని పగలగొట్టి, టన్ను రాతిలో నుంచి నాలుగు గ్రాముల లోహాన్ని వెలికితీసే బావి ఒకటుండేదంటే సులభంగా నమ్మలేరు. 2018, 2022 సంవత్సరాలలో వచ్చిన ‘కేజీఎఫ్’ చలనచిత్రాల పుణ్యమా అని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ అన్న పేరు తెలుగునాట పిల్లల నోళ్లలోనూ నానింది. అయితే తెర మీద కనిపించిన నియంతలు, సామ్రాజ్యాలు కల్పనలు. అసలు కథలో నియంత లేడు. వాటాదారులు, కంపెనీలు, ప్రభుత్వాలు, రాళ్ల కింద నలిగిన వేలాది కూలీలు ఉన్నారు. ఆ కూలీలలో మన చిత్తూరు సీమ తెలుగువారు గణనీయంగా ఉన్నారు. గని 2001లో మూతపడింది. దాని పర్యవసానాలు మాత్రం ఇంకా తీరలేదు.

బండెడు మట్టి

కర్ణాటకలోని కోలారు జిల్లాలో, బెంగళూరుకు తూర్పున సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, మన కుప్పం సరిహద్దుకు చేరువలో ఈ గనులున్నాయి. అక్కడ పురాతన కాలం నుంచి బంగారం తవ్విన గుంతల ఆనవాళ్లు కనిపించేవి. 1799లో టిప్పు సుల్తాను మరణించాక మైసూరు రాజ్యపు సరిహద్దులు కొలిచే పని ఆంగ్లేయులకు పడింది. ఆ పని మీద వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ 1802లో ఊరగాం, మారికుప్పం గ్రామాల మట్టిలో బంగారు రజను దొరుకుతుందని విన్నాడు. చూపించినవారికి బహుమానం ఇస్తానని చాటించాడు. గ్రామస్థులు బండ్ల మీద మట్టి తెచ్చి అతని కళ్లెదుటే కడిగి బంగారం చూపారు. నిజానికి కోలారు బంగారాన్ని ‘కనుగొన్నది’ ఆ గ్రామస్థులే. చరిత్ర పుస్తకాలలో మాత్రం వారి పేర్లు లేవు, వారెన్ పేరు మిగిలింది.

వారెన్ రాసిన నివేదిక ఎన్నో ఏళ్లు ఎవరికీ పట్టలేదు. న్యూజిలాండ్ యుద్ధాలలో పనిచేసి బెంగళూరులో స్థిరపడిన మైకేల్ ఫిట్జ్‌జెరాల్డ్ లావెల్ అనే ఐర్లాండ్ మాజీ సైనికుడు దానిని చదివి, 1873లో మైసూరు ప్రభుత్వాన్ని తవ్వకాలకు అనుమతి కోరాడు. అనుమతి దొరికింది గానీ చేతిలో పెట్టుబడి లేదు. హక్కులు చేతులు మారాయి. చివరకు 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రంగప్రవేశం చేసింది. మొదట్లో ఆ సంస్థకూ కష్టకాలమే. వాటాదారుల సొమ్ము అడుగంటే వేళకు, పాతవారు తవ్వి విడిచిన గుంతల కిందకే మరింత లోతుగా పోగా అసలు పొర బయటపడింది. దానికే ‘ఛాంపియన్ రీఫ్’ అని పేరు పెట్టారు. ప్రాచీనులు వదిలిన చోటే కొత్తవారికి దారి దొరికిందన్నమాట.

పలుగురాతిలో పసిడి

ఇక్కడి బంగారం నదీ ఇసుకలో దొరికేది కాదు. ఉత్తర దక్షిణాలుగా దాదాపు 80 కిలోమీటర్ల పొడవున సాగే నల్లరాతి పట్టీలో, తెల్లని పలుగురాతి చారలు నిలువుగా భూమిలోకి దిగి ఉంటాయి. ఆ చారలలో కంటికి కనిపించనంత సన్నని రేణువులుగా బంగారం ఉంటుంది. చారను అనుసరించి లోతుకు పోవలసిందే తప్ప వేరే మార్గం లేదు. అందుకే గని అంతకంతకూ లోతైంది. పైకి తెచ్చిన రాతిని పిండి చేసి, సైనైడ్ ద్రావణంలో నానబెడితే బంగారం ద్రావణంలో కరుగుతుంది. దానిని తిరిగి విడదీస్తారు. 1887లో స్కాట్లాండ్‌లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి ఆ తరువాతి దశాబ్దంలోనే కోలారుకు చేరింది. బంగారం తీసేసిన తరువాత మిగిలిన సన్నపిండిని గని పక్కనే పోశారు. వందేళ్లకు పైగా పోశారు. దాని సంగతి తరువాత.

గని చుట్టూ ఊరు పుట్టింది. రాబర్ట్‌సన్‌పేట, అండర్సన్‌పేట, ఊరగాం, ఛాంపియన్ రీఫ్స్, మారికుప్పం, కోరమండల్.. ఇలా బావి పేరునో, దొర పేరునో, పాత గ్రామం పేరునో పెట్టుకుని ఎనిమిది కిలోమీటర్ల పొడవునా వాడలు వెలిశాయి. కింద సొరంగాలు, పైన ఇళ్లు, చర్చిలు, మసీదులు, గుళ్లు, దొరల క్లబ్బులు. సొరంగాలన్నిటినీ కలిపి కొలిస్తే 1,300 కిలోమీటర్లకు పైబడి ఉంటాయని లెక్క. పైనున్న వీధులకంటే కిందనున్న దారులే ఎక్కువ. రైలు మార్గం మారికుప్పం వరకు వేశారు. తాగునీరు పాలారు నది మీది బేతమంగళ చెరువు నుంచి వచ్చింది.

కరెంటు ముచ్చట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కావేరి మీద శివనసముద్రం జలపాతం వద్ద జలవిద్యుత్కేంద్రం కట్టి, సుమారు 147 కిలోమీటర్ల తీగ లాగి 1902లో గనులకు విద్యుత్తు ఇచ్చారు. అప్పటి ప్రపంచంలోనే పొడవైన విద్యుత్ మార్గాలలో అదొకటి. రాజధాని బెంగళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగింది 1905లో. అంటే పట్టణం కంటే గనే మూడేళ్లు ముందు. ప్రభుత్వ ప్రాధాన్యం ఎటున్నదీ చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

కూలి కోసం కొండ దాటి

స్థానికులు గనిలో దిగడానికి అంతగా ముందుకు రాలేదు. కూలీలు ప్రధానంగా ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు, నేటి చిత్తూరు ప్రాంతంలో అధిక భాగం ఆ జిల్లాలోనిదే. కరవు, భూమిలేనితనం, కులం పేరిట అణచివేత.. ఈ మూడూ కలిసి దళిత కుటుంబాలను గనుల దారి పట్టించాయి. తమిళులు అధికసంఖ్యాకులు కాగా తెలుగువారిది తరువాతి వరుస. ఊళ్లో చెప్పులు తొడుక్కుని వీధిలో నడవలేనివాడు గని లైన్లలో చేతినిండా నాణేలు చూశాడు. ఆ మాటకొస్తే గని అతనికి స్వేచ్ఛనూ ఇచ్చింది, ఆయుష్షునూ తీసుకుంది.

నివాసం ‘లైన్లు’ అని పిలిచే వరుస గుడిసెలలో. వేలాది కుటుంబాలకు ఒక్కో గది. బంగారం దొంగతనం జరుగుతుందన్న అనుమానంతో షిఫ్టు దిగినవారిని సోదా చేసి పంపేవారు. 1930లో వేలిముద్రలు తీసుకుని కార్మికులను నమోదు చేసే పద్ధతి ప్రవేశపెట్టగా, నేరస్థులకు తీసినట్లు మాకూ తీస్తారా అంటూ కార్మికులు పని మానేశారు. సంఘం కూడా సరిగా లేని రోజులలో జరిగిన ఆ సమ్మె వారాల తరబడి సాగి గనులను స్తంభింపజేసింది.

రాతి ధూళి నెమ్మదిగా చంపే శత్రువు. పలుగురాతి పొడి ఊపిరితిత్తులలో చేరి గట్టిపడే జబ్బును సిలికోసిస్ అంటారు. దీనికి మందు లేదు. 1940-46 మధ్య కోలారు గనులలో 7,653 మందిని పరీక్షించగా 43.7 శాతం మందిలో ఈ జబ్బు లక్షణాలు బయటపడ్డాయి. మన దేశంలో ఈ వ్యాధి మీద జరిగిన తొలి పెద్ద సర్వేలలో ఇది ఒకటి. వైద్య విద్యార్థుల పాఠ్యపుస్తకాలలో నేటికీ ఈ అంకె కనిపిస్తుంది. దగ్గుతూ చిత్తూరు పల్లెలకు తిరిగివెళ్లి అక్కడే కన్నుమూసినవారు ఆ లెక్కలోకి రారు.

పేలే రాయి

లోతు పెరిగేకొద్దీ రెండు గండాలు. ఒకటి వేడి. మూడు కిలోమీటర్ల లోతులో రాతి వేడిమి 60 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. పైనుంచి చల్లబరిచిన గాలిని పంపితే తప్ప మనిషి నిలవలేడు. రెండవది రాయి పేలడం. కిలోమీటర్ల మందాన ఉన్న కొండరాతి బరువంతా సొరంగం చుట్టూ ఉన్న గోడల మీద పడుతుంది. మధ్యలో రాతిని తవ్వి తీసేయడంతో ఆ ఒత్తిడి మోయలేక గోడ ఉన్నట్టుండి బద్దలై ముక్కలు తుపాకీ గుళ్లలా దూసుకొస్తాయి. దీనినే రాక్‌బరస్ట్ అంటారు. పెద్దది సంభవిస్తే పైన ఊళ్లో ఇళ్ల గోడలు బీటలు వారేవి. కింద షిఫ్టులో ఎవరున్నారో తెలియక ఆడవాళ్లు బావి దగ్గరకు పరుగెత్తేవారు. 1988లో కేజీఎఫ్‌లోనే జాతీయ శిలాయాంత్రిక శాస్త్ర సంస్థ నెలకొనడానికి ఈ పేలుళ్ల అధ్యయనమే పునాది.

ఆ లోతే ఒక సందర్భంలో శాస్త్రానికి వరమైంది. అంతరిక్షం నుంచి నిరంతరం కురిసే కణాలలో చాలావాటిని రాతి పొర అడ్డుకుంటుంది, న్యూట్రినోలను మాత్రం అడ్డుకోలేదు. ఈ సూత్రాన్ని ఆధారం చేసుకుని టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ పరిశోధకులతో కలిసి రెండు కిలోమీటర్లకు పైగా లోతులో పరికరాలు అమర్చి, 1965లో వాతావరణ న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. ప్రపంచంలో అదే తొలి విజయాల జాబితాలో చేరింది. గని మూతపడ్డాక ఇలాంటి పరిశోధనకు అంతటి లోతు దేశంలో మరెక్కడా దొరకలేదు.

గ్రాము లెక్క

1956లో మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసింది. 1962లో కేంద్ర ఆర్థిక శాఖ వాటిని చేపట్టింది. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. చేతులు మారాయి గానీ రాతిలోని పసిడి పెరగలేదు. తొలి దశాబ్దాలలో టన్ను రాతికి 40 గ్రాములకు పైగా బంగారం వచ్చేది. అంటే 25 కిలోల రాయి పిండి చేస్తే ఒక గ్రాము. చివరికి టన్నుకు మూడు గ్రాముల దాపుకు దిగింది. అంటే ఒక గ్రాముకు 330 కిలోల రాయి. అదీ మూడు కిలోమీటర్ల లోతు నుంచి మోసుకురావాలి. దీనికి తోడు ప్రభుత్వం చేతికొచ్చాక చాలాకాలం ఇక్కడి బంగారానికి దేశీయ మార్కెట్ ధర కట్టక, అంతకు తక్కువైన అంతర్జాతీయ అధికారిక ధర కట్టారు. నష్టాలన్నీ కార్మికుడి బద్ధకానివే అన్న ప్రచారం చేసినవారు ఈ సంగతి ప్రస్తావించేవారు కారు.

కంపెనీ 1992లో ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప ఎక్కింది. ఎనిమిదేళ్ల విచారణ తరువాత మూసివేతే మార్గమని బోర్డు తేల్చింది. ఒకప్పుడు 30 వేలకు పైగా కార్మికులు పనిచేసిన గనులలో అప్పటికి మిగిలినవారు మూడు వేల పైచిలుకు. 2001 ఫిబ్రవరి 28 ఆఖరి రోజు. 120 ఏళ్లలో 800 టన్నులకు పైగా బంగారం ఇచ్చిన నేల మీద పంపులు ఆగిపోయాయి. సొరంగాలలోకి నీరు చేరడం మొదలైంది.

మూత ఒక్కటే మిగిలింది

ఇక్కడే ఒక చిక్కు ఉంది. గనిని మూసేవారు గుంతలు ఎలా పూడ్చాలి, వ్యర్థాలను ఎలా కట్టడి చేయాలి, కార్మికుల గతి ఏమిటి అన్నవి ముందే ప్రణాళికగా రాసి ఆమోదం పొందాలనీ, అందుకు హామీ సొమ్ము కట్టాలనీ మన దేశంలో నిబంధన వచ్చింది 2003 ఏప్రిల్‌లో. కోలారు మూతపడింది అంతకు రెండేళ్ల ముందు. కాబట్టి చట్టం దృష్టిలో అక్కడ తాళం వేయడమే మూసివేత.

ఫలితం కళ్లెదుట ఉంది. బంగారం తీసేసిన పిండి కొండల్లా పేరుకుని ఉంది. స్థానికులు సైనైడ్ దిబ్బలంటారు. మొత్తం 13 దిబ్బలు, సుమారు మూడు కోట్ల 30 లక్షల టన్నులు. ‘కేజీఎఫ్’ చిత్రాన్ని చిత్రీకరించింది ఆ దిబ్బల మీదే. చూసేవారికి అందమైన నేపథ్యం. గాలి వీచే కాలంలో అక్కడి వాడలకు మాత్రం అది ఇంట్లో, కంచంలో పడే ధూళి. సైనైడ్ ఎండకు, గాలికి కాలక్రమాన విచ్ఛిన్నమవుతుందని శాస్త్రం చెబుతోంది. పేరు సైనైడ్‌దే అయినా భయపడవలసింది మెత్తని సిలికా ధూళికి, వానలో కరిగి కిందకు దిగే లోహాలకు. గనిలో దిగని పిల్లలూ గని ధూళే పీలుస్తున్నారు.

2011 జనాభా లెక్కల నాటికి పట్టణంలో 1.63 లక్షల మంది ఉన్నారు. గని పోయినా ఊరు ఖాళీ కాలేదన్నమాట. 1964లో అక్కడ నెలకొల్పిన బీఈఎంఎల్ కర్మాగారం కొందరికి ఆసరా. మిగిలినవారికి రైలే దిక్కు. తెల్లవారుజామున మారికుప్పంలో బయలుదేరే బండ్లు కూలీలను, దుకాణాలలో పనిచేసేవారిని, సెక్యూరిటీ గార్డులను బెంగళూరుకు మోసుకెళ్లి రాత్రికి తిరిగి తెస్తాయి. తాతలు కేజ్‌లో నిలువుగా దిగితే మనుమలు రైలులో అడ్డంగా వెళ్తున్నారు.

ఇనుప గనుల ఊళ్లలో..

మూతపడిన గని పైనున్న ఊరికి ఏమవుతుందో ఫ్రాన్స్‌లోని లొరేన్ ప్రాంతం చూపింది. అక్కడ ఊళ్ల కిందనే ఇనుప ఖనిజం తవ్వారు. పైకప్పు కూలకుండా మధ్యమధ్య ఖనిజాన్నే స్తంభాలుగా వదిలారు. గనులు ఒక్కటొక్కటే మూతపడి 1997లో చివరిదీ ఆగింది. ఈలోగా 1996లో ఓబూయే, 1997లో మూతియే, 1999లో రోంకూర్ పట్టణాలలో నేల కుంగి ఇళ్లు బీటలు వారాయి. పదుల సంఖ్యలో కుటుంబాలు శాశ్వతంగా ఖాళీ చేయవలసి వచ్చింది. తవ్విన కంపెనీ కనుమరుగైతే నష్టానికి ప్రభుత్వమే పూచీ వహించాలని ఫ్రాన్స్ 1999 మార్చిలో చట్టం చేసుకుంది. అక్కడి ఇనుప ఖనిజం మెత్తని పొర, కోలారుది గట్టిరాయి. కుంగుబాటు తీరు ఒకటి కాదు. బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఒకటే. మనకు అలాంటి పూచీ చట్టం లేదు.

మన వైపు

కోలారు రాతి పట్టీ సరిహద్దు దగ్గర ఆగిపోలేదు. దాని దక్షిణపు కొస చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలోకి వస్తుంది. అక్కడి చిగురుకుంట, బిసానత్తం గనులు, నేటి శ్రీసత్యసాయి జిల్లాలోని రామగిరి గనులు కూడా భారత్ గోల్డ్ మైన్స్‌వే. రామగిరిలో 20వ శతాబ్ది తొలినాళ్లలో బ్రిటిష్ కంపెనీలు తవ్వి విడిచిపెట్టగా, 1980లలో ప్రభుత్వ సంస్థ మళ్లీ తెరిచింది. కోలారుకు తాళం పడ్డప్పుడు ఇవీ మూతపడ్డాయి. కోలారు గురించి సినిమాలు వచ్చాయి గానీ, రామగిరిలో ఉపాధి పోయినవారి గురించి రాష్ట్రంలోనే ఎందరికి తెలుసు?

ఇప్పుడు పసిడి ధర చుక్కలనంటడంతో అందరి చూపూ మళ్లీ అటు మళ్లింది. కోలారు దిబ్బలలో మిగిలిపోయిన బంగారాన్ని కొత్త పద్ధతులతో తిరిగి రాబట్టాలన్న కేంద్ర ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం సమ్మతించింది. దిబ్బలను కదిలిస్తే ధూళి ఎటు పోతుందని అక్కడివారి ప్రశ్న. అశోకుని ఎర్రగుడి శాసనాలకు చేరువలోని కర్నూలు జిల్లా జొన్నగిరిలో ప్రైవేటు రంగంలో బంగారు గని, శుద్ధి కర్మాగారం రూపుదిద్దుకున్నాయి. చిగురుకుంట - బిసానత్తం బ్లాకును వేలంలో ఎన్‌ఎండీసీ దక్కించుకుంది. బైలదిల్లా కొండలలో ఇనుప ఖనిజం తవ్వి విశాఖకు పంపే సంస్థే ఇది.

ఈ కొత్త గనులకు 2003 నాటి మూసివేత నిబంధన వర్తిస్తుంది. తవ్వకం మొదలుపెట్టక ముందే మూత ఎలా పెడతారో కాగితం మీద చూపాలి, హెక్టారుకు ఇంత అని హామీ సొమ్ము జమ చేయాలి. గ్రామసభలలో, ప్రజాభిప్రాయ సేకరణలలో ఉద్యోగాలెన్ని అన్న ప్రశ్నతో పాటు ఆ కాగితాన్నీ అడిగి చూడవచ్చు. చిగురుకుంటలో మాత్రం తవ్వకం కంటే ముందు మరో పని ఉంది. 2001 నుంచి పాత బావులలో చేరిన నీటిని తోడిపోయాలి.